నైజీరియాలో పెట్రోలు సబ్సిడీ తీసేశాక సామాన్యుడి ఇంట్లో ఏం మారింది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: 2023లో నైజీరియా ప్రభుత్వం పెట్రోలు సబ్సిడీని ఎత్తివేసి, దేశ కరెన్సీ నైరా మారకపు విలువను మార్కెట్‌కు వదిలింది. ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి ఈ రెండింటినీ అవసరమైన సంస్కరణలన్నాయి. అక్కడి ప్రజలు మాత్రం తమ బతుకు తలకిందులైందంటున్నారు. ఆర్థికశాస్త్ర విద్యార్థిగా మీకు వచ్చిన సందేహం, ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కాగలవా అన్నది. నైజీరియాలోని పెద్ద నగరం లాగోస్‌లో నిత్యావసర సరుకులు పంపిణీ చేసే ఒక సంస్థలో చాలా ఏళ్లుగా ఆర్థిక విభాగం బాధ్యత చూస్తున్నాను. జీతాల పట్టీలు, ధరల జాబితాలు, డీలర్ల బాకీల ఖాతాలు రోజూ నా చేతుల మీదుగా వెళ్తాయి కాబట్టి, అక్కడినుంచి కనిపించినది చెబుతాను.

సూటి సమాధానం: రెండూ నిజమే. ఆ సబ్సిడీ కొనసాగించదగినది కాదు, నైరాకు కట్టిన కృత్రిమ విలువ కూడా నిలిచేది కాదు. అయితే నైజీరియాలో చౌక పెట్రోలు కరెంటు, నీళ్లు, ప్రభుత్వ రవాణా అనే మూడు లోట్లనూ పూడ్చే ఏకైక సంక్షేమ పథకంగా పనిచేసేది. దాని స్థానంలో ఏదీ నిలబెట్టకుండానే తీసేశారు, తీసేసిన 16 రోజులకే నైరాను కూడా వదిలేశారు. ఒక్కో నిర్ణయం విడిగా వచ్చి ఉంటే తట్టుకోగలిగిన కుటుంబాలు, రెండూ ఒకదానిమీద ఒకటి పడేసరికి తట్టుకోలేకపోయాయి.

ముందు పెట్రోలు సంగతి. మన దగ్గర పెట్రోలు ధర పెరిగితే బండి ఖర్చు, బస్సు చార్జీ, కూరగాయల ధర గుర్తొస్తాయి. నైజీరియాలో అది ఇంట్లో దీపం కూడా. 20 కోట్లు దాటిన జనాభాకు జాతీయ గ్రిడ్ అందించే విద్యుత్తు చాలా కాలంగా 4,000 నుంచి 5,000 మెగావాట్ల దగ్గరే తచ్చాడుతోంది. పోలిక కోసం చెప్పాలంటే, 2023 మార్చిలో తెలంగాణ ఒక్క రాష్ట్రపు గరిష్ఠ డిమాండే 15,000 మెగావాట్లు దాటింది. ఆ లోటంతా జనరేటర్లే తీరుస్తాయి. పెద్ద సంస్థలవి డీజిల్ జనరేటర్లు, చిన్న ఇళ్లకూ దుకాణాలకూ పెట్రోలుతో నడిచే చిన్న జనరేటర్లు. మంగలి క్లిప్పరు, దర్జీ ఇస్త్రీపెట్టె, జిరాక్సు మిషను, ఐసులో పెట్టిన చేపలు అమ్మే ఆమె ఫ్రీజరు, బోరు నుంచి నీళ్లు తోడే మోటారు, అన్నీ వాటిమీదే నడుస్తాయి. కాబట్టి లీటరు ధర పెరిగిన రోజున ప్రయాణం ఖర్చుతోపాటు నీటి ఖర్చు, వెలుతురు ఖర్చు, చేతివృత్తి పెట్టుబడి కూడా అదే పూట పెరిగాయి. సబ్సిడీ వల్ల ఎక్కువ లాభపడేది కార్లున్నవారే అనే పాఠ్యపుస్తక వాదన ఇక్కడ సగమే నిజం. మొత్తం డబ్బులో పెద్ద వాటా ధనికులకే వెళ్లేది. కానీ పేదవాడి ఖర్చులో ఆ చిన్న వాటాకే చాలా బరువుంది.

2023 మే 29న అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం చేసిన బోలా టినుబు తన తొలి ప్రసంగంలోనే ఇక సబ్సిడీ లేదని ప్రకటించారు. సాయంత్రానికే బంకుల దగ్గర వరసలు కట్టారు. రెండు రోజుల్లో ప్రభుత్వ చమురు సంస్థ ఎన్‌ఎన్‌పీసీ కొత్త ధరలు ప్రకటించింది. అప్పటిదాకా 190 నైరాల దరిదాపుల్లో ఉన్న లీటరు లాగోస్‌లో 488, ఈశాన్యాన మైదుగురిలో 557 అయింది. జులైలో రాజధాని అబూజాలో 617కు చేరింది.

ఈ నిర్ణయాన్ని సమర్థించేవారి వాదన బలహీనమైనది కాదు, దాన్ని న్యాయంగా చూడాలి. 2022లో ఒక్క సబ్సిడీ పద్దు కిందే సుమారు 4.39 లక్షల కోట్ల నైరాలు పోయాయి. ముడి చమురు అమ్మే దేశమే పెట్రోలు దిగుమతి చేసుకునేది, ఎందుకంటే పోర్ట్ హార్కోర్ట్, వారీ, కడూనా నగరాల్లోని ప్రభుత్వ రిఫైనరీలు ఏళ్లుగా మూలన పడి ఉండేవి. చౌక పెట్రోలు సరిహద్దులు దాటి బెనిన్, టోగో, నైజర్, కామెరూన్‌లకు దొంగతనంగా వెళ్లేది. సబ్సిడీ ఎత్తేసిన వెంటనే బెనిన్ రోడ్ల పక్కన సీసాల్లో అమ్మే పెట్రోలు ధర కూడా ఎగబాకింది. పొరుగు దేశపు ప్రజలకు నైజీరియా ఖజానా ఎంతగా సబ్సిడీ ఇస్తూ వచ్చిందో దాన్నిబట్టి తెలుస్తుంది. 2012 జనవరిలో గుడ్‌లక్ జొనాథన్ ప్రభుత్వం ఇదే పని చేయబోయింది. లీటరు 65 నుంచి 141 నైరాలకు పెరగగానే దేశమంతా వీధుల్లోకి వచ్చింది, ప్రభుత్వం 97 దగ్గర రాజీపడింది. ఆ తర్వాత పదకొండేళ్లపాటు ఏ ప్రభుత్వమూ దీన్ని పూర్తిగా తేల్చలేదు. వాయిదా వేసిన ఆ కాలంలో గ్రిడ్‌ను బాగుచేసి ఉన్నా, నగరాల్లో బస్సులు పెంచి ఉన్నా, 2023 నాటి దెబ్బ ఇంత లోతుగా దిగేది కాదన్నది నా గట్టి నమ్మకం.

అసలు పెద్ద దెబ్బ నైరా పతనం. జనం కోపం పెట్రోలు మీద కేంద్రీకృతమైంది గాని, నా లెక్కల పుస్తకాల్లో పెద్ద విధ్వంసం కనిపించింది మారకపు విలువ దగ్గరే. 2023 జూన్ 14న సెంట్రల్ బ్యాంకు రకరకాల అధికారిక రేట్లను కలిపివేసి నైరాను వదిలింది. అంతకు ముందు అధికారిక రేటు డాలరుకు 470 నైరాల దగ్గర, బ్లాక్ మార్కెట్ రేటు 750 ప్రాంతంలో ఉండేవి. అధికారిక రేటుకు డాలర్లు దొరికేది పలుకుబడి ఉన్న కొద్దిమందికే. అక్కడ కొని ఇక్కడ అమ్ముకుంటే చాలు, వ్యాపారమే చేయనక్కర్లేదు. మాలాంటి సంస్థలు చాలావరకు బ్లాక్ మార్కెట్ రేటు ప్రకారమే సరుకు ఖరీదు కట్టుకునేవి. అందుకే జూన్‌లో అధికారిక రేటు 750కి చేరినా దుకాణం ధరలు వెంటనే పేలిపోలేదు.

పేలింది తర్వాత. బ్లాక్ మార్కెట్ రేటు కూడా ఆగకుండా జారిపోయి, 2024 ఫిబ్రవరికల్లా డాలరుకు 1,500 నైరాలు దాటింది. దీనికి కారణాలు ఒక్క రోజులో పుట్టినవి కావు. సెంట్రల్ బ్యాంకు అంతకు ముందు ఏళ్లలో ప్రభుత్వానికి నోట్లు ముద్రించి ఇచ్చినట్లుగా 22.7 లక్షల కోట్ల నైరాల అప్పు ఇచ్చింది. విదేశీ సంస్థలకు చెల్లించాల్సిన డాలర్లు వందల కోట్లలో బకాయి పడ్డాయి, విమానయాన సంస్థలు టికెట్లమ్మిన డబ్బును స్వదేశాలకు తీసుకుపోలేకపోయాయి. రేటును వదిలిన రోజున మార్కెట్‌కు డాలర్లు సరఫరా చేసే స్థితిలో బ్యాంకు లేదు. తలుపు తెరిచారు గాని లోపలికి వచ్చేవారు లేరు, బయటికి వెళ్లాలనుకునేవారంతా వరసలో ఉన్నారు.

మీ విశ్లేషణలో తప్పక చేర్చవలసిన మెలిక ఇంకొకటి ఉంది. పెట్రోలు దిగుమతికి చెల్లించేది డాలర్లలో. నైరా సగానికి సగం పడిపోయినా బంకు దగ్గర ధరను ఏడాదికి పైగా 600 నైరాల ప్రాంతంలోనే పట్టి ఉంచారు. అంటే పోయిందన్న సబ్సిడీ వేరే పేరుతో తిరిగొచ్చింది. ఆ భారం ఎన్‌ఎన్‌పీసీ మీద పేరుకుని, సరఫరా తగ్గి, మళ్లీ వరసలు మొదలై, చివరికి 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ధర 1,000 నైరాల దరికి చేరింది. ప్రజలకు ఒకే సంస్కరణ రెండుసార్లు జరిగినట్లయింది. మారకపు రేటు ఎక్కడ నిలుస్తుందో తెలియకుండా, దానిమీద ఆధారపడిన ధరను ముందే వదిలితే జరిగేది ఇదే.

ఇప్పుడు జీతం సంగతికి వస్తాను. కనీస వేతనం 2019లో 30,000 నైరాలు, 2024 జులైలో దాన్ని 70,000 చేశారు. రెట్టింపు దాటింది కదా అని ప్రభుత్వ ప్రకటన చదివినవారు అనుకోవచ్చు. 2019లో లీటరు 145 నైరాలు కాబట్టి ఆ వేతనంతో 200 లీటర్ల పైచిలుకు పెట్రోలు వచ్చేది. 2024 చివర్లో కొత్త వేతనంతో వచ్చేది 70 లీటర్లు. డాలర్లలో చూస్తే 80 పైన ఉన్నది 45కు తగ్గింది. అది కూడా ప్రభుత్వంలో, పెద్ద సంస్థల్లో పనిచేసేవారికి. దేశంలో అత్యధికులు జీతమనే పట్టీయే లేని పనుల్లో ఉన్నారు, కనీస వేతన చట్టం వారి ఇంటి గడప తొక్కదు.

మా గిడ్డంగిలో సరుకు ఎత్తే పనివారు చాలామంది ఇకొరోడు వైపునుంచి ఇకెజాకు వస్తారు. పసుపు రంగు డాన్‌ఫో వ్యానులో ఒకటి, తర్వాత ఇంకొకటి, చివర్లో కెకె, అంటే మన బజాజ్ ఆటోయే, మారాలి. సబ్సిడీకి ముందు జీతంలో అయిదో వంతుకు అటూ ఇటూగా ఉన్న దారి ఖర్చు కొద్ది నెలల్లోనే మూడో వంతు దాటింది. కొందరు కలిసి గిడ్డంగి దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని వారమంతా అక్కడే పడుకుని, ఆదివారం మాత్రమే పిల్లల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. క్వారా, ఎడో రాష్ట్ర ప్రభుత్వాలు తమ ఉద్యోగులను వారానికి మూడు రోజులు వస్తే చాలన్నాయి. మేము రవాణా భత్యం పెంచాము, షిఫ్టుల వేళలు మార్చాము. అయినా ఇరవయ్యేళ్ల కుర్రవాడు ఉద్యోగానికి వెళ్తే మిగిలేదేమీ లేదని లెక్క వేసుకుని మానేస్తుంటే ఆపడానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. కెకె నడిపేవారి స్థితీ మెరుగ్గా లేదు. బండిని వాయిదాల మీద తీసుకుని వారం వారం యజమానికి కట్టుకుంటారు. కొత్త బండి ధర డాలరుతోపాటు పెరిగేసరికి సొంత బండి అనే ఆశ ఏళ్ల దూరం జరిగింది.

వంటింట్లో జరిగినది ఇంతకన్నా నెమ్మదిగా, ఇంతకన్నా లోతుగా జరిగింది. లాగోస్ బజారులో బియ్యం, అలసందలు డెరికా అనే టమాటా గుజ్జు డబ్బాతో కొలుస్తారు, పూర్వం మన దగ్గర సోలతో కొలిచినట్లు. కర్రపెండలం నుంచి చేసే గారి అనే రవ్వను పెయింటు బకెట్‌తో కొలుస్తారు. ఒకప్పుడు బస్తా కొనే కుటుంబం డెరికాల లెక్కకు, డెరికాల్లో కొనేవారు సగం డెరికాకు దిగారు. ఆహార ద్రవ్యోల్బణం 2024 జూన్‌లో 40 శాతం దాటింది. పేదవాడి ఆకలికి ఎప్పుడూ అక్కరకు వచ్చే గారి కూడా ప్రియమైపోవడం అక్కడివారిని ఎక్కువగా కలవరపెట్టింది, ఎందుకంటే అది దిగుమతి సరుకు కాదు, ఊళ్లో పండేది.

మరి ఊళ్లో పండేది ఎందుకు పెరిగింది? ఇక్కడ అన్నీ పెట్రోలు మీదకు నెట్టకండి. ఉత్తరాదినుంచి టమాటా, ఉల్లి మోసుకొచ్చే లారీలు నడిచేది డీజిల్‌తో. డీజిల్‌కు సబ్సిడీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే పోయింది, 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడే దాని ధర భగ్గుమంది. ఉత్తర రాష్ట్రాల్లో సాయుధ ముఠాల భయంతో రైతులు పొలాలకు వెళ్లలేకపోతున్నారు, 2022 వరదలు పంటలను ముంచాయి. ఎరువు, పురుగుమందు, ట్రాక్టరు విడిభాగం డాలరుతో ముడిపడినవి. నైరా పతనం వీటన్నిటి మీదా పడింది. సబ్సిడీ ఎత్తేయకపోయినా ఆహారం ధర పెరిగేదే, ఇంతలా మాత్రం పెరిగేది కాదు.

చిన్న వ్యాపారుల పెట్టుబడి కరిగిపోవడం గురించి పత్రికల్లో తక్కువ చదువుతాం గాని, నా వృత్తిలో నన్ను ఎక్కువగా బాధపెట్టినది అదే. లాగోస్‌లోని ముషిన్ బజారులో మా సరుకు అమ్మే ఒక పెద్దావిడ ఉదాహరణ చెబుతాను. ఆమె పది కార్టన్లు తీసుకుని, అమ్మి, ఆ డబ్బుతో మళ్లీ పది తెచ్చుకునేది, మధ్యలో మిగిలిన లాభంతో ఇల్లు గడిచేది. ధరలు వారం వారం మారేసరికి, పది కార్టన్లు లాభానికే అమ్మినా వచ్చిన డబ్బుతో ఏడే వచ్చాయి, తర్వాత అయిదు. నష్టం వచ్చినట్లు ఆమెకు ఎక్కడా కనిపించదు, సరుకు మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. అప్పు తీసుకుందామంటే, ధరలను అదుపు చేయడానికి సెంట్రల్ బ్యాంకు తన ప్రామాణిక వడ్డీ రేటును 2024 నవంబరుకల్లా 27.5 శాతానికి పెంచింది. బ్యాంకులు వ్యాపారులకిచ్చే అప్పు మీద వడ్డీ 30 శాతం దాటింది. డీలర్ల అప్పు పరిమితులు పెంచమని మా యాజమాన్యంతో వాదించి కొంతవరకు సాధించాను. కాని మా సరుకుకే సరఫరాదారులు ముందే డబ్బు కట్టమంటున్నప్పుడు ఆ వెసులుబాటుకు హద్దు ఉంటుంది. బజారు మహిళలు తమలో తాము నడుపుకునే అజో చీటీలే చాలామందిని నిలబెట్టాయి, ఆ చీటీల్లోనూ పాట సొమ్ము అంతే, దాంతో వచ్చే సరుకు మాత్రం తక్కువ.

మందుల సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను. 2023లో మందుల కంపెనీ జీఎస్‌కే నైజీరియా నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అక్కడ తయారీ ఆపి దిగుమతికే పరిమితమవుతానంది. ఉబ్బసం ఇన్‌హేలర్ల ధర అనేక రెట్లు పెరిగింది. భారతీయ కంపెనీల మందులు చౌకే అయినా అవీ డాలరు దాటి రావలసినవే.

ప్రభుత్వం ఉపశమనం ఏమీ ఇవ్వలేదంటే అబద్ధమవుతుంది. 1.2 కోట్ల కుటుంబాలకు నెలకు 8,000 నైరాలు ఇస్తామని మొదట చెప్పి, విమర్శలు రాగానే వెనక్కి తీసుకున్నారు. తర్వాత 1.5 కోట్ల కుటుంబాలకు మూడు నెలలపాటు నెలకు 25,000 చొప్పున ఇస్తామన్నారు. అవినీతి ఆరోపణలతో 2024 జనవరిలో ఆ పథకమే కొంతకాలం ఆగిపోయింది. ఎవరు పేదలో చెప్పే నమ్మదగిన జాబితా, డబ్బు నేరుగా చేర్చే ఖాతాలు సిద్ధంగా లేనప్పుడు నగదు బదిలీ కాగితం మీదే మిగులుతుంది. ఆకలి ఎంత దూరం వెళ్లిందో 2024 డిసెంబరు చెప్పింది. క్రిస్మస్‌కు ముందు ఇబాడన్, ఒకిజా, అబూజాల్లో ఉచితంగా ఆహారం, కానుకలు పంచేచోట తొక్కిసలాటలు జరిగి పదులకొద్దీ మనుషులు చనిపోయారు. ఇబాడన్‌లో పోయినవారు పిల్లలు. ఆ వారం మా కార్యాలయంలో ఎవరూ పండుగ మాట ఎత్తలేకపోయారు.

లాభపడినవారూ ఉన్నారు, మీ అధ్యయనంలో వారినీ చూడండి. చమురు డాలర్లు ఎక్కువ నైరాలుగా మారడంతో కేంద్రం నుంచి రాష్ట్రాలకు నెలనెలా వెళ్లే వాటా బాగా పెరిగింది. విదేశాల నుంచి బిడ్డలు డబ్బు పంపే ఇళ్లు నిలదొక్కుకున్నాయి. కోకో ప్రపంచ ధర 2024లో టన్ను 10,000 డాలర్లు దాటినప్పుడు ఒండో రాష్ట్రంలో తోటలున్న రైతులు ఎన్నడూ చూడని డబ్బు చూశారు. నా మనసులో ఉన్న ప్రధాన అభియోగం రాష్ట్రాల మీదే. చేతికి అంత అదనపు డబ్బు వచ్చినప్పుడు బస్సులు, ప్రాథమిక ఆసుపత్రులు, తాగునీటి పథకాలు ముందు రావాలి. అవి వచ్చినచోట ప్రజల కోపం కొంతైనా తగ్గేది.

వేరేలా చేయవచ్చా అని మీరు అడగవచ్చు. చేయవచ్చనే నేనంటాను. భారతదేశంలో 2013 జనవరి నుంచి డీజిల్ ధరను నెలకు సుమారు 50 పైసల చొప్పున పెంచుతూ పోయి, 2014 అక్టోబరులో ప్రపంచ చమురు ధర దిగుతున్న సమయం చూసి పూర్తిగా వదిలారు. నైజీరియా ఖజానా పరిస్థితి అంత తీరిక ఇచ్చేది కాదన్న అభ్యంతరం సబబే. అయినా మారకపు రేటును ముందు సరిచేసి, డాలరు బకాయిలు తీర్చి, లాగోస్ దగ్గర కట్టిన ప్రైవేటు డాంగోటే రిఫైనరీ పెట్రోలు బయటికి వచ్చిన తర్వాత ధరను దశలవారీగా వదిలి ఉండవచ్చు. రోజుకు 6.5 లక్షల బ్యారెళ్ల సామర్థ్యమున్న ఆ రిఫైనరీ 2024 సెప్టెంబరులో పెట్రోలు ఇవ్వడం మొదలుపెట్టింది, సబ్సిడీ పోయిన 15 నెలల తర్వాత.

ఇది నైజీరియాకే పరిమితమైన కథ కాదు. ఇథియోపియా 2024 జులై చివర్లో తన కరెన్సీ బిర్‌ను మార్కెట్‌కు వదిలితే డాలరుకు 57 దగ్గర ఉన్నది కొద్ది వారాల్లోనే 100 దాటింది. కెన్యాలో 2024 జూన్‌లో రొట్టె మీద, వాహనాల మీద పన్నులు ప్రతిపాదించిన ఆర్థిక బిల్లుకు వ్యతిరేకంగా యువత పార్లమెంటు దాకా వెళ్లింది, ప్రాణాలు పోయాయి, మర్నాడే అధ్యక్షుడు రూటో బిల్లును వెనక్కి తీసుకున్నారు. నైజీరియాలో 2024 ఆగస్టు 1న మొదలైన నిరసనల్లోనూ ప్రాణాలు పోయాయి, కాని విధానం మారలేదు. ఈ తేడాకు కారణాలు వెతకడం మీ పరిశోధనకు మంచి ప్రశ్న అవుతుంది. కెన్యాలో పోరాడింది ఇంకా చట్టం కాని బిల్లు మీద, నైజీరియాలో అప్పటికే ఏడాది గడిచిన నిర్ణయం మీద అన్నది నాకు కనిపించే ఒక కారణం.

చివరగా గణాంకాల గురించి ఒక జాగ్రత్త. 2024 డిసెంబరులో 34.80 శాతమున్న ద్రవ్యోల్బణం 2025 జనవరిలో 24.48గా నమోదైంది. ఒక్క నెలలో ధరల వేగం అంత తగ్గలేదు. ధరలను పోల్చే ఆధార సంవత్సరాన్ని 2009 నుంచి 2024కు మార్చి, వస్తువుల బుట్టను కొత్తగా కట్టారు. ఆ రెండు అంకెలనూ ఒకే గీత మీద కలిపి గ్రాఫు గీయకండి. 2025లో నైరా 1,500 చుట్టుపక్కల నిలబడింది, ధరలు పెరిగే వేగం తగ్గింది. కాని మునుపటి ధరలకు దిగిరాలేదు, ముషిన్ పెద్దావిడ ఇప్పటికీ తెచ్చుకునేది అయిదారు కార్టన్లే. అందుకే ద్రవ్యోల్బణం శాతంతోపాటు, ఒక నెల కనీస వేతనానికి ఎంత బియ్యం, ఎంత గారి, ఎన్ని లీటర్ల పెట్రోలు వస్తాయో 2019 నుంచి ఏటా లెక్క కట్టి పక్కపక్కన పెట్టండి. కావలసిన ధరలు నైజీరియా జాతీయ గణాంక సంస్థ నెలనెలా ప్రచురించే పట్టికల్లో దొరుకుతాయి.